మూడో హుక్కు

ఆ కుట్టుపని హాల్లో ఆవిడను అందరూ మాస్టరమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కటింగ్ మాస్టర్ అంటే మగాడే అయ్యుండాలని ఎక్కడ రాసిపెట్టారో తెలియదు గానీ, ఆ హాలు తెరిచిన నాటి నుంచి కటింగ్ బల్ల ముందు నిలబడ్డదంతా మగవాళ్ళే. ఆ బల్ల మీంచి వచ్చిన ముక్కల్ని తలొంచుకుని మిషన్ల మీద కుట్టింది ఆడవాళ్ళు. మాస్టరమ్మ కూడా ఇరవై రెండేళ్ళు అలా తలొంచుకునే కూర్చుంది. పోయినేడు పాత మాస్టరుకు చూపు మందగించి, గీసిన గీత ఒకటీ కోసిన కోత ఒకటీ అయి, ఒకే రోజు నలభై చొక్కాలకు రెండేసి ఎడమ చేతులు తయారయ్యేసరికి ఓనరమ్మ తల పట్టుకుంది. అప్పుడు మూడో వరసలోంచి లేచి వచ్చి, సుద్దముక్క అందుకుని, మిగిలిన గుడ్డ చేత నలభై కుడి చేతులు కక్కించింది ఈవిడే.

ఓనరమ్మ మెచ్చుకుంది గానీ పూర్తిగా నమ్మలేదు. ఆరు నెలలు చూస్తానంది. ఆరు నెలలు నిలబడితే బల్ల నీది, లేదంటే మళ్ళీ నీ మిషన్ నీకు అంది. మాస్టరమ్మ సరేనంది. యాభై ఏళ్ళ వయసులో ఆవిడ ఈ లోకంలో కావాలని కోరుకున్నది ఆ బల్ల ఒక్కటే. అడ్డంగా పడుకుంటే ముగ్గురు పట్టేంత బల్ల, అంచులన్నీ కత్తెర గాట్లతో నిండిపోయిన బల్ల. దాని ముందు నిలబడితే ఎదుట ఇరవై మిషన్లూ కనిపిస్తాయి. తను గీసిన గీత మీదే ఇరవై సూదులు నడుస్తాయి. ఆ రుచి మరిగాక మళ్ళీ మూడో వరసలో కూర్చోవడం అంటే ఆవిడకు చావొచ్చినంత పని.

చిక్కల్లా థాన్లతోనే. ఆ హాల్లో కుట్టేవి బడిపిల్లల యూనిఫారాలు, ఆస్పత్రుల కోట్లు. గుడ్డ దళసరి. ఒక్కో థానూ ఎనిమిదేళ్ళ పిల్లంత బరువుంటుంది. వెనక తలుపు దగ్గర నిలబెట్టి ఉంటాయి. పాత మాస్టరు వాటిని భుజం మీదికి విసురుకుని తెచ్చి బల్ల మీద దబ్బున పడేసేవాడు. ఇప్పుడు ఈవిడ వంతు. ఇస్త్రీ చేసే ఇద్దరు మగవాళ్ళూ, ఎన్నాళ్ళు ఎత్తుతుందో చూద్దామని ఒకరితో ఒకరు అనుకోవడం ఆవిడ చెవిన పడింది. అసలే ఆవిడకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు నుంచి ఎవరైనా చెయ్యి వేయబోతే కసిరేసి, రోజుకు ఆరేడు థాన్లు ఒక్కతే మోసింది.

ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చెప్పడానికి ఆవిడకు రెండేళ్ళు పట్టింది. నాకెందుకు మొహమాటం, సూటిగానే చెప్తాను. ఆవిడకు కింది నుంచి ఒకటి జారి బయటికి వస్తోంది.

ముగ్గురు పిల్లల తల్లి ఆవిడ. మూడోవాడు నాలుగు కిలోల పైన పుట్టాడు. ఒక పగలూ ఒక రాత్రీ ముక్కించి, అరిపించి మరీ పుట్టాడు. వాడికి నెలన్నర నిండకముందే ఆవిడ మిషన్ ఎక్కింది. నలభై రెండో ఏట రక్తస్రావం ఆగకపోతే గర్భసంచి తీసేశారు. ఇక పీడ విరగడైందని నర్సులు నవ్వుతూ ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆరేళ్ళకు, ఒక సాయంత్రం స్నానం చేస్తుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. నిమ్మకాయంత ఉంది. పొద్దున్న చూస్తే లేదు, మళ్ళీ సాయంత్రానికి ఉంది. గర్భసంచి జారే జబ్బు గురించి ఆవిడ వినకపోలేదు. కానీ గర్భసంచే లేనిదానికి జారేదేముంటుంది? డాక్టర్లు లోపల ఏదన్నా మరిచిపోయి కుట్టేశారేమో అనుకుంది, లేదంటే క్యాన్సర్ లాంటి పాడు జబ్బేమో అనుకుంది. ఏదైనా సరే, పైకి చెప్తే ముందు పోయేది పనే అనుకుని నోరు కుట్టేసుకుంది.

నోరు కుట్టేసుకుని ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆవిడ మాస్టరమ్మ ఎందుకవుతుంది? జారేదాన్ని ఎలా ఆపాలో ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. లాగు జారితే నడుం బిగిస్తారు. లంగా జారినా అంతే. కాబట్టి ఒక మధ్యాహ్నం బిరుసైన బక్రం గుడ్డ రెండు పొరలు వేసి, వెడల్పాటి ఎలాస్టిక్ పెట్టి, ముందు వైపు మూడు వరసల హుక్కులతో ఒక పట్టీ కుట్టుకుంది. మొదటి హుక్కు మామూలు రోజులకు. రెండోది థాన్లు ఎక్కువగా వచ్చిన రోజులకు. మూడోది పెట్టుకుంటే ఊపిరి సగమే ఆడుతుంది, అది మరీ గడ్డు రోజులకు. కుట్టు మాత్రం అద్భుతం. ఎంత పరికించి చూసినా బట్టల పైకి కనిపించదు.

కనిపించకపోతేనేం, ఆడవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? చేతులు కడుక్కునే చోట ఆవిడ వంగినప్పుడు కాలర్ల అత్త చూసేసింది. ఆ అత్త హాల్లో అందరికన్నా పెద్దది, ముప్పై ఏళ్ళుగా కాలర్లు తప్ప ఇంకేదీ కుట్టని మనిషి. ఏమిటా పట్టీ అని అడిగితే నడుం నొప్పికి అంది మాస్టరమ్మ. నాకూ నడుం నొప్పే, నాకూ ఒకటి కుట్టిపెట్టు అంది అత్త. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వారం తిరక్కుండా జేబులు కుట్టే ఆవిడకు నడుం నొప్పి వచ్చింది. తర్వాత గుండీల ఆవిడకు. ఆ తర్వాత మడతలు పెట్టే అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే రోజు వచ్చింది. ఒకే హాల్లో ఇన్ని నడుములు ఎలా నొప్పెట్టాయని అడిగినవాళ్ళు లేరు. ఎవరికి వాళ్ళు అసలు సంగతి తమ ఒక్కరికే ఉందనుకున్నారు. ఓనరమ్మ కూడా ఒకనాడు గదిలోకి పిలిచి, మా చెల్లెలికి ఒకటి కావాలంటూ నడుం కొలత ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ కొలత చెల్లెలిది కాదని మాస్టరమ్మకు చదవగానే తెలిసింది. ఓనరమ్మ కోటు కుట్టింది తనే కదా. తెలిసినా కిక్కురుమనలేదు.

పదకొండో పట్టీ కాజాల పిల్లది. ఇరవై నాలుగేళ్ళది, చొక్కాలకు కాజాలు తీసే మిషన్ మీద పనిచేస్తుంది. తొలి కాన్పై నాలుగో నెలలోనే పనిలోకి వచ్చింది. పొట్ట లోపలికి పోవాలి పిన్నీ అని వచ్చి అడిగింది. పొట్టదేముంది, ఇట్టే పోతుందని మురిపెంగా కొలత తీసి, మిగతావాటికన్నా ఒక అంగుళం బిగువుగా కుట్టి ఇచ్చింది మాస్టరమ్మ.

బల్ల దగ్గర నాలుగో నెల నడుస్తుండగా ఆస్పత్రి కోట్ల ఆర్డరు ఒకటి పెద్దది వచ్చింది. ఆ వారమంతా మూడో హుక్కే. శుక్రవారం పొద్దున మాస్టరమ్మ మూత్రానికి వెళ్తే రాలేదు. గంట ఆగి వెళ్ళినా రాలేదు. మధ్యాహ్నానికి పొట్ట రాయిలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, సుద్ద గీత వంకరపోయింది. ఆవిడ గీత వంకరపోవడం అదే మొదటిసారి. దానికి ఆవిడ నొప్పికన్నా ఎక్కువ భయపడింది. కళ్ళ పరీక్ష ఉందని ఓనరమ్మకు అబద్ధం చెప్పి, మూడు వీధుల అవతల ఉన్న ఆస్పత్రికి నడవలేక నడవలేక వెళ్ళింది.

అక్కడ ముందు గొట్టం పెట్టి మూత్రం తీశారు. ప్రాణం లేచొచ్చింది. తర్వాత డాక్టరమ్మ పడుకోబెట్టి చూసింది, దగ్గమంది, లేచి నిలబడమని మళ్ళీ చూసింది. పాడు జబ్బేమీ కాదు, మొదట చెప్పింది ఆ మాటే. ఆ మాటకే మాస్టరమ్మ సగం బతికింది. తర్వాత డాక్టరమ్మ ఒక కాయితం వెనక బొమ్మ గీసింది. గర్భసంచి తీసేసినా యోనిమార్గం అక్కడే ఉంటుంది, దాని పై కొస లోపల కొన్ని పోగులకు అంటిపెట్టుకుని ఉంటుంది. కాన్పులప్పుడు సాగి, ఆపరేషన్ తర్వాత ఆసరా తగ్గి, బరువులు మోసే కొద్దీ ఆ పోగులు సడలిపోయాయి. పై కొస కిందికి దిగింది. ముందున్న మూత్రసంచీ దాంతోపాటే జారి మడతపడింది. చాలామంది ఆడవాళ్ళకు ఉంటుంది, చెప్పేవాళ్ళే తక్కువ అంది.

మాస్టరమ్మ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "అంటే లైనింగు పైన కుట్టు వదిలి, కిందికి వేలాడుతోందన్నమాట," అంది.

డాక్టరమ్మకు ఆ మాట తెగ నచ్చింది. అచ్చం అంతేనంది. లైనింగు వేలాడితే మీరేం చేస్తారని అడిగింది.

"పైన మళ్ళీ పట్టి కుడతాం. లేదా కింద ఆసరా ఇస్తాం," అంటూ ఆగిపోయింది మాస్టరమ్మ. లైనింగు వేలాడుతుంటే నడుం పట్టీ బిగించే తెలివితక్కువ దర్జీ ఈ భూమ్మీద ఉంటాడా? సంచీలోంచి పట్టీ తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. కుట్టు చాలా బాగుందని నిజంగానే మెచ్చుకుంది. మూడో హుక్కు వరకూ బిగించి చూసి తల అడ్డంగా ఊపింది. మూత తీసిన పేస్టు ట్యూబును మధ్యలో నొక్కితే ఏమవుతుందో అదే అవుతుందంది. రోగం తెచ్చింది ఈ పట్టీ కాదు గానీ, ఉన్న రోగాన్ని రోజూ కిందికి తోసింది మాత్రం ఇదేనంది. కాన్పై కొన్నాళ్ళే అయినవాళ్ళు ఇలా బిగిస్తే ఇంకా చేటు అని మామూలుగా చెప్పుకుంటూ పోయింది. ఆ చివరి మాట దగ్గర మాస్టరమ్మ చెవులు మూసుకుపోయాయి. మిగతాది సగమే విన్నది.

ఆ సగం ఇది. లోపల మెత్తటి రింగు ఒకటి పెడతారు, అది కింది నుంచి ఆసరా. ఇప్పటికి అది చాలు. చాలకపోతే పైన పట్టి కుట్టే ఆపరేషన్ ఉంది, తొందరేం లేదు. మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలి కండరాన్ని పైకి బిగబట్టి, పది లెక్కపెట్టి వదలాలి. పూటకు పదిసార్లు, రోజూ మూడు పూటలా, మూడు నెలలు ఆగకుండా. బరువులు ఎత్తకూడదు. ఎంత బరువని అడిగితే, సగం బకెట్టు నీళ్ళు మించకూడదంది డాక్టరమ్మ. రోజంతా నిలబడవచ్చా అని అడిగింది మాస్టరమ్మ. నిలబడవచ్చు, మధ్యమధ్య కూర్చోవాలి, థాను మాత్రం ముట్టుకోకూడదు.

రింగు పెట్టాక ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఆవిడకు రెండేళ్ళలో మొదటిసారి తన కాళ్ళు తన కాళ్ళలా అనిపించాయి. వీధి మలుపు దాకా హాయిగా నడిచింది. మలుపు దగ్గర కాజాల పిల్ల గుర్తొచ్చింది. పదకొండు పట్టీలు. తన చేత్తో కొలిచి, తన చేత్తో కోసి, మంచి పని చేస్తున్నాననుకుని కుట్టిన పదకొండు పట్టీలు. ఏడుపు ముంచుకొచ్చి, అక్కడే ఒక మూసిన కొట్టు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. ఆయన వెల్డింగు పని చేస్తాడు, గేట్లూ కిటికీ చువ్వలూ అతుకుతాడు, మాటలు అతకడం మాత్రం చేతకాదు. అంతా విని, "రెండేళ్ళా?" అన్నాడు. ఆ వెంటనే, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే ఏం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ణో తెలీదు. ఆ థాన్లు మాత్రం ఎత్తనిచ్చేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు," అంది ఆవిడ.

ఆయన లేచాడు. కొలతల టేపు తీసి ఆవిడ ముందు పెట్టి, ఆ బల్ల ఎత్తెంత, థాను పొడవెంత అని అడిగాడు. ఇద్దరూ కూర్చుని పాత క్యాలెండరు వెనక గీతలు గీశారు. రెండు ఇనప కాళ్ళు, వాటి మీద ఒక పైపు. పైపును థాను మధ్యలోంచి దూర్చి బల్ల చివర పెడితే, గుడ్డ దానంతటదే దొర్లుకుంటూ బల్ల మీదికి వస్తుంది. వెనక తలుపు దగ్గర దించేటప్పుడే బల్లంత ఎత్తున్న చక్రాల బండి మీద పెట్టించి తోసుకొస్తే ఇక ఎత్తే పనే లేదు. ఇంత చిన్న సంగతి ఇరవై రెండేళ్ళలో ఒక్క మగ మాస్టరుకూ తట్టలేదంటే, వాళ్ళ భుజాలు గట్టివి కాబట్టి బుర్రతో పని పడలేదన్నమాట.

అయితే పైపు సంగతి ఓనరమ్మకు చెప్పాలంటే, ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే, బరువెత్తలేని మాస్టరని తేలిపోతుంది. ఆరు నెలల్లో ఇంకా రెండు నెలలుంది. మాస్టరమ్మ కూడా మనిషే, ముందు దొడ్డిదారి వెతికింది. సోమవారం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, పట్టీలో చిన్న తేడా ఉంది, సరిచేసి ఇస్తాను, తీసి ఇవ్వమని చెవిలో అడిగింది. ఒక్కరూ ఇవ్వలేదు. జేబుల ఆవిడ నీళ్ళు నమిలింది. అక్కాచెల్లెళ్ళు రేపన్నారు. అది లేకపోతే నిలబడలేనని కాలర్ల అత్త కుండబద్దలు కొట్టింది. పట్టీ మంచి కుట్టే ఆవిడ ప్రాణం మీదికి వచ్చింది చూడండి, అందరికీ తెగ నచ్చేసింది ఆ పాడు పట్టీ.

కాజాల పిల్ల మాత్రం తనే ఎదురొచ్చింది. కళ్ళు గుంటలు పడ్డాయి. అటూ ఇటూ చూసి, "పిన్నీ, ఇంకో హుక్కు వేసి ఇవ్వవా? మూడోది చాలడం లేదు," అంది.

ఎందుకు చాలడం లేదని మాస్టరమ్మ అడగబోతుండగానే, గాల్లోని నూలు పోగులకు ఆ పిల్లకు తుమ్ము వచ్చింది. తుమ్మే ముందు గబుక్కున కాళ్ళు మెలివేసి, చేత్తో మిషన్ అంచు పట్టుకుంది. ఆ మెలిక మాస్టరమ్మకు కొత్తేం కాదు. రెండేళ్ళుగా తన కాళ్ళు వేస్తున్నదే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఇంకా పాలు మానని బిడ్డ తల్లి. మాస్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది, అది పూర్తిగా తన మీద తనకు వచ్చిన కోపం. చెవిలో చెప్పే మాటల కాలం అయిపోయిందని ఆ క్షణమే అనుకుంది. బల్ల పోతే పోనీ.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టింది. మిషన్లు ఆగాయి. డబ్బాలు తెరుచుకోబోతుండగా మాస్టరమ్మ కటింగ్ బల్ల మీద చెక్క స్కేలుతో రెండుసార్లు కొట్టింది. ఇస్త్రీ వాళ్ళిద్దరూ లేచి బయటికి పోబోయారు. మీరూ కూర్చోండి, మీ ఇళ్ళల్లో కూడా ఆడవాళ్ళున్నారు అంది. వాళ్ళు కూర్చున్నారు. అద్దాల గదిలోంచి ఓనరమ్మ కూడా బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

మాస్టరమ్మ సంచీలోంచి తన పట్టీ తీసి బల్ల మీద పరిచింది.

"ఇది నడుం నొప్పికి కాదు. నాకు కింద జారుతోంది, దాన్ని ఆపుకోవడానికి కుట్టుకున్నాను. రెండేళ్ళ నుంచి అందరికీ అబద్ధం చెప్పాను."

సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం అంటారు గానీ, ఆ హాల్లో నిజంగానే ఎవరి ఒళ్ళోంచో గుండుసూదుల డబ్బా పడింది. ఎవరూ వంగి ఏరలేదు.

ఆవిడ ఆగలేదు. డాక్టరమ్మ గీసిన బొమ్మను సుద్దతో బల్ల మీద మళ్ళీ గీసింది. లైనింగు సంగతి చెప్పింది. అది అర్థం కానివాళ్ళు ఆ హాల్లో లేరు. పేస్టు ట్యూబు సంగతి చెప్పింది. కాన్పయినవాళ్ళకూ, గర్భసంచి తీసినవాళ్ళకూ, రోజూ బరువు మోసేవాళ్ళకూ ఇది రావచ్చని, వస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదని, చూపించుకుంటే దారి ఉందని చెప్పింది. తనకు లోపల రింగు ఉందని కూడా చెప్పింది. ఇస్త్రీ వాళ్ళలో ఒకడు నేల చూపులు చూశాడు. రెండోవాడు మాత్రం కళ్ళార్పకుండా విన్నాడు, వాళ్ళావిడ సంవత్సరంగా పైకి చెప్పని నొప్పేదో పడుతోందని తర్వాత తెలిసింది.

"ఇలాంటివి ఇంకా కుట్టాను. ఎవరికి కుట్టానో చెప్పను, చచ్చినా చెప్పను. వాళ్ళకు నేను చేసింది తప్పు. తెలియక చేశాను గానీ తప్పు తప్పే," అంటూ పెద్ద కత్తెర అందుకుంది. బక్రం రెండు పొరలూ, ఎలాస్టిక్కూ కలిపి మూడు హుక్కుల పక్కగా నిలువునా కోసింది. అంత మంచి కుట్టును కోస్తుంటే ఆవిడకు ప్రాణం ఉసూరుమంది, అయినా చివరిదాకా కోసి ముక్కలు పీలికల బుట్టలో పడేసింది.

ఓనరమ్మ గుమ్మంలోంచే అడిగింది. "అయితే రేపటి నుంచి థాన్లు ఎవరెత్తుతారు?"

హాలంతా మాస్టరమ్మ వైపు తిరిగింది. ఆవిడ ఓనరమ్మ కళ్ళల్లోకి చూసింది. ఆ చీటీ మీది కొలత నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, ఓనరమ్మ నోరు మూతపడుతుంది. ఆ మాటను మింగేసింది. ఇంకొకరి గుట్టు అడ్డం పెట్టుకుని నిలబెట్టుకునే బల్ల ఆవిడకు అక్కర్లేదు.

"ఎవరూ ఎత్తరమ్మా," అంది. క్యాలెండరు కాయితం విప్పి చూపించింది. "పైపు మీద దొర్లుతుంది. మా ఆయన చేసిస్తాడు. థాను ఎత్తడం కూలి పని, కటింగ్ అంటే ఈ కత్తెర. కత్తెర పట్టడంలో నాలో లోపముంటే చెప్పండి, ఇప్పుడే వెళ్ళి నా మిషన్ మీద కూర్చుంటాను."

ఓనరమ్మ కాయితం తీసుకుంది. ఆలోచిస్తానని కూడా అనకుండా గదిలోకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మాస్టరమ్మ డబ్బా తెరవకుండానే కత్తెర పట్టింది. థాను అవసరమైనప్పుడల్లా ఇస్త్రీ వాళ్ళిద్దరూ అడక్కుండానే లేచి తెచ్చి పెట్టారు. ఆవిడ కసరలేదు. అది కూడా ఆవిడకు కొత్త విద్యే.

మర్నాడు పొద్దున్నే వచ్చి పీలికల బుట్ట చూస్తే, అందులో ఏడు పట్టీలున్నాయి. ఎవరు ఎప్పుడు వేశారో తెలియదు. పేర్లు లేకపోయినా కొలతలను బట్టి ఆవిడకు ఒక్కొక్కటీ ఎవరిదో తెలుసు. అక్కాచెల్లెళ్ళ రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి, కలిసే వేసినట్టున్నారు. కాజాల పిల్ల తనది బుట్టలో వేయలేదు. సరాసరి బల్ల దగ్గరికి వచ్చి చేతికిచ్చింది. నాకు భయంగా ఉంది పిన్నీ అంది. భయం నాకూ ఉంది, గురువారం ఇద్దరం కలిసి వెళ్దామంది మాస్టరమ్మ.

కాలర్ల అత్త మాత్రం ఇవ్వలేదు. ఈ వయసులో నా లోపలికి ఇంకెవరూ చూడనక్కర్లేదు పో అంది. మాస్టరమ్మ బతిమాలింది, తిట్టింది, అలిగింది. అత్త మొదటి హుక్కు వరకే పెట్టుకుంటానని ఒప్పుకుంది, అంతకు మించి కదల్లేదు. అందరినీ ఒప్పించేశామని చెప్పుకోవడానికి ఇదేం కట్టుకథ కాదు కదా.

బుధవారం ఓనరమ్మ గదిలోకి పిలిచింది. మాస్టరమ్మ సుద్ద చేతులు తుడుచుకుంటూ, ఇక మూడో వరసే అనుకుంటూ వెళ్ళింది. ఓనరమ్మ ఆవిడ వంక చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ పైపు ఎన్ని రోజుల్లో వస్తుందని అడిగింది. నాలుగు రోజులంది మాస్టరమ్మ. మూడు రోజుల్లో తెమ్మంది ఓనరమ్మ. మాస్టరమ్మ వెనక్కి తిరగబోతుంటే, గొంతు తగ్గించి, ఆ డాక్టరమ్మ ఏయే వారాల్లో ఉంటుంది, మా చెల్లెలు అడుగుతోందంది.

"సోమవారం, గురువారం," అంది మాస్టరమ్మ. "చెల్లెలు ఒక్కతే భయపడుతుందేమో. మీరు తోడు వెళ్ళండమ్మా."

ఓనరమ్మ ఇటు తిరిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓనరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్తానంది.

గురువారం డాక్టరమ్మ కాజాల పిల్లను చూసి, ఇంకా మొదట్లోనే ఉంది, వయసు చిన్నది, రింగు కూడా అక్కర్లేదు, వ్యాయామం ఆపకుండా చేస్తే చాలావరకు కుదురుకోవచ్చంది. చేస్తేనే, అని వేలు చూపించి మరీ చెప్పింది. ఆ మాట మాస్టరమ్మ గట్టిగా పట్టుకుంది. ఇంటి దగ్గర బిడ్డతో, పనితో ఆ పిల్ల మరిచిపోతుందని ఆవిడకు తెలుసు. అందుకని హాల్లోనే ఏర్పాటు చేసింది. పొద్దున పదకొండుకు, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం నాలుగున్నరకు చెక్క స్కేలుతో బల్ల మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బకు మిషన్లన్నీ ఆగుతాయి. ఇరవై మంది ఆడవాళ్ళు కదలకుండా, మెదలకుండా, గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. పెదాలు మాత్రం ఒకటి నుంచి పది దాకా కదులుతాయి. పది సార్లు అయ్యాక మళ్ళీ మిషన్లు గర్రుమంటాయి. కోట్లు తీసుకోవడానికి వచ్చిన ఆస్పత్రి గుమాస్తా ఒకసారి అది చూసి, ఏం జరుగుతోందని కంగారుగా అడిగాడు. లెక్కలు చూసుకుంటున్నాం అన్నాడు ఇస్త్రీ అతను, తలెత్తకుండా.

మొదటి నెల ఎవరికీ తేడా తెలియలేదు. అక్కాచెల్లెళ్ళలో చిన్నది విసుగొచ్చి మానేసింది. మాస్టరమ్మకు రింగు ఒకసారి జారి, మరో కొలతది మార్చాల్సి వచ్చింది. కొలత సరిగ్గా తీయని దర్జీని తిట్టినట్టు డాక్టరమ్మను సరదాగా తిట్టింది. రెండో నెల కాజాల పిల్ల ఇక నావల్ల కాదని ఏడ్చింది. మాస్టరమ్మ ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తన పది ఆ పిల్ల పదితో కలిపి లెక్కపెట్టింది. రేపు కూడా కూర్చుంటాను, ఎల్లుండి కూడా కూర్చుంటాను, నువ్వు మానినా నేను మాననంది. అన్నట్టే రోజూ కూర్చుంది.

ఆరో నెల ఎప్పుడు నిండిందో ఓనరమ్మా చెప్పలేదు, మాస్టరమ్మా అడగలేదు. పైపు మీద థాను దొర్లుతూనే ఉంది. కొత్త బడి యూనిఫారాల ఆర్డరు వచ్చిన రోజు, ఓనరమ్మ కాయితాలన్నీ తెచ్చి కటింగ్ బల్ల మీద, కత్తెర పక్కన పెట్టి వెళ్ళింది. అంతే ఆ సంబరం.

ఆ తర్వాతి నెలలో ఒక పొద్దున, హాలు నిండా పనిలో మునిగి ఉన్నప్పుడు, కాజాల పిల్లకు తుమ్ము వచ్చింది. కొత్త గుడ్డ దుమ్ముకు వచ్చిన పెద్ద తుమ్ము. ఆ పిల్ల నిలబడి ఉంది. రెండు చేతులూ చొక్కా పట్టుకుని ఉన్నాయి. చుట్టుపక్కల మిషన్ల మీది నాలుగు తలలు ఆ పిల్ల కాళ్ళ వైపు తిరిగాయి. కాళ్ళు మెలిపడలేదు. తుమ్మింది, ముక్కు తుడుచుకుంది, కాజా తీయడం పూర్తి చేసింది. అప్పుడు గానీ ఆ పిల్లకే తెలియలేదు, తను ఏం చేయలేదో. ఆశ్చర్యంగా బల్ల వైపు చూసింది.

మాస్టరమ్మ గీసే గీత మధ్యలో ఉంది. చూసింది, తలూపింది, సుద్ద ఎత్తకుండా గీత చివరిదాకా తిన్నగా లాగింది.